రాజ్యాంగ సలహాదారు శ్రీ బెనగల్ నరసింగరావుగారు

ఇల్లు కట్టి గృహప్రవేశం చేసుకున్ననాడు వచ్చిన బంధుమిత్రులందరూ యజమానిని అభినందిస్తారు. గడపలు, ద్వారబంధాలు, ముంగిటి అరుగులు చూచి మెచ్చుకుంటారు. మొట్టమొదట ఆ స్థలంలో త్రాడు పట్టి, కొలతలు వేసి, పునాదికి ముగ్గు పోసినవారెవరని అడిగేవారు మాత్రం అరుదు.

మన భారత రాజ్యాంగం విషయంలోనూ ఇట్లే జరిగింది. రాజ్యాంగమనగానే డాక్టర్ అంబేద్కరుగారు స్ఫురిస్తారు. బాబూ రాజేంద్రప్రసాదుగారు, పండిత నెహ్రూగారు, సర్దార్ పటేలుగారు స్ఫురిస్తారు. ఆ కీర్తికి వారు సర్వవిధాల అర్హులు. కాని ఆ సౌధానికి మొదటి కొలతలు వేసిన వ్యక్తి మరొకరున్నారు. వారు ఏ ఎన్నికలోనూ గెలిచి వచ్చినవారు కారు. రాజ్యాంగ నిర్మాణ సభలో వారు సభ్యులు కారు. అందువల్ల వారికి ఓటు లేదు, సభలో లేచి ప్రసంగించే అవకాశమూ లేదు. ఆ పనికి వారు జీతం కూడా పుచ్చుకోలేదు. వారే రాజ్యాంగ సలహాదారు శ్రీ బెనగల్ నరసింగరావుగారు.

ఉద్యోగరీత్యానో, వ్యాపారరీత్యానో, తాతముత్తాతల కాలంనుండి వచ్చిన నివాసంవల్లనో మనం ఈ కన్నడదేశంలో స్థిరపడినాము. మనం నీరు త్రాగుతున్న ఈ గడ్డమీద పుట్టిన బిడ్డ నరసింగరావుగారు. కన్నడిగులకూ మనకూ ఉగాది ఒక్కనాడే. ఆ పండుగనాడు వారి జీవితాన్ని స్మరించుకోవడం ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బాల్యము, విద్య

నరసింగరావుగారు 1887వ సంవత్సరం ఫిబ్రవరి 26వ తేదీన మంగుళూరులో జన్మించినారు. తండ్రి శ్రీ బెనగల్ రాఘవేంద్రరావుగారు పేరుపొందిన వైద్యులు. వారిది చిత్రాపుర సారస్వత కుటుంబం. ఆ కుటుంబాలలో ఇంటి భాష కొంకణి. మంగుళూరు వీధిలో తుళు వినిపిస్తుంది, బడిలో కన్నడం చెబుతారు. ఆనాడు దక్షిణ కన్నడ జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. కనుక నెల్లూరు, బళ్లారి, మంగుళూరు మూడింటికీ చెన్నపట్నమే తలమానికం. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, కచేరీలో మరొక భాష అనే పరిస్థితి మన పిల్లలకు క్రొత్త కాదు. నరసింగరావుగారు పెరిగినది సరిగా అట్టి వాతావరణంలోనే.

ఆ ఇంట సరస్వతి కొలువై ఉండేది. సోదరులలో శ్రీ రామారావుగారు తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరైనారు. శ్రీ శివరావుగారు పత్రికారచయితగా పేరు గడించి, రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యులైనారు.

నరసింగరావుగారు మంగుళూరు కెనరా ఉన్నత పాఠశాలలో చదివి, మద్రాసు రాజధాని మొత్తానికి ప్రథములుగా మెట్రిక్యులేషన్ ముగించినారు. పిదప చెన్నపట్నం ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1905లో ఇంగ్లీషు, భౌతికశాస్త్రం, సంస్కృతం మూడింటా ప్రథమశ్రేణి పొందినారు. చాలదన్నట్లు మరుసటి సంవత్సరం గణితంలో కూడా ప్రథమశ్రేణి సంపాదించినారు. అటుపై విద్యార్థివేతనంపై కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు వెళ్లినారు. అదే కళాశాలలో అప్పుడు జవహర్లాల్ నెహ్రూగారు కూడా విద్యార్థి. ఈ దక్షిణాది కుర్రవాడు పాఠానికీ భోజనానికీ తప్ప పుస్తకం విడిచిపెట్టడని నెహ్రూగారు తండ్రికి ఉత్తరం వ్రాసినారట. 1909లో గణిత పట్టపరీక్షలో తొమ్మిదవ స్థానం పొంది, ఐ.సి.యస్. పరీక్షలోనూ ఉత్తీర్ణులై నరసింగరావుగారు స్వదేశానికి తిరిగివచ్చినారు.

గణితం చదివినవాని అలవాట్లు కొన్ని ఉంటాయి. ఒక మాట వాడితే అది ఒకే అర్థమివ్వాలి. ఒక మెట్టు తప్పితే లెక్కంతా తప్పుతుంది. ఈ అలవాట్లు వారిని కడవరకు విడిచిపెట్టలేదు.

ఉద్యోగ జీవితము

ఉద్యోగం స్వస్థలానికి దూరంగా వంగదేశంలో దొరికింది. కొంతకాలానికి న్యాయశాఖలోకి మారి తూర్పు వంగ, అస్సాం జిల్లాలలో న్యాయాధిపతిగా పనిచేసినారు. 1925లో అస్సాం ప్రభుత్వం వారిని న్యాయ వ్యవహారాలకూ, శాసనసభ వ్యవహారాలకూ కార్యదర్శిగా నియమించింది. కేంద్రంనుండి తమకు రావలసిన ఆదాయం రావడంలేదని ఆ చిన్న రాష్ట్రానికి బాధ. దాని తరఫున లెక్కలతో సహా నివేదికలు తయారుచేసి, 1933లో లండనుకు వెళ్లి పార్లమెంటు సంయుక్త సంఘం ముందు వాదించినవారు నరసింగరావుగారే. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య డబ్బు పంపకం ఎంత చిక్కుముడో వారికి పుస్తకాలవల్లకాక అనుభవంవల్ల తెలిసింది.

1935లో ఢిల్లీ సంస్కరణల కార్యాలయంలో చేరి, ఆ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టం అమలుకు కావలసిన పని చూచినారు. తరువాత భారతదేశపు చట్టాలన్నిటినీ క్రొత్త చట్టానికి అనుగుణంగా సవరించే బృహత్కార్యం వారి చేతికి వచ్చింది. 1938లో వారికి సర్ బిరుదం లభించింది. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి పదవి కూడా నిర్వహించినారు.

ఈ కాలంలోని రెండు పనులను ప్రత్యేకించి చెప్పాలి.

మొదటిది సింధునది జలాల తగవు. పై ఎత్తున ఉన్న పంజాబు ఆనకట్టలు కడితే దిగువనున్న తమకు నీరు తగ్గుతుందని సింధు రాష్ట్రం మొరపెట్టుకుంది. 1941లో ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి నరసింగరావుగారు అధ్యక్షులు. నది ఏ ఒక్క రాష్ట్రానికీ సొంతం కాదు, రాజీ కుదరనప్పుడు ఆయా రాష్ట్రాల అవసరాలనుబట్టి న్యాయంగా పంచుకోవాలి అని ఆ సంఘం 1942లో నిర్ణయం చెప్పింది. కృష్ణా, కావేరి తీరాలవారికి ఈ సూత్రం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. తరువాతి కాలపు నదీజల వివాదాలలో ఈ నివేదికను ఆధారంగా తీసుకోవడం పరిపాటి అయింది.

రెండవది హిందూ ధర్మశాస్త్రపు సంస్కరణ. స్త్రీల ఆస్తి హక్కు విషయంలో 1937లో వచ్చిన చట్టంలోని లోపాలు పరిశీలించడానికి 1941లో ఒక సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షులు వీరే. అందుకే దానికి రావు సంఘమని పేరు. 1944లో సంఘాన్ని పునరుద్ధరించి వారసత్వం, వివాహం, దత్తత మొదలైనవాటికి మొత్తంగా ఒక స్మృతి తయారుచేయమన్నారు. సంఘం ఊరూరా తిరిగి పండితుల మాటా విన్నది, ఛాందసుల మాటా విన్నది, మహిళా సంఘాల మాటా విన్నది. 1947లో నివేదిక ఇచ్చింది. అప్పటికి దానిపై పెద్ద దుమారం లేచినా, 1955, 1956 సంవత్సరాలలో వచ్చిన నాలుగు హిందూ చట్టాలకు మూలం అందులోనే ఉంది. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా భాగం వచ్చింది ఆ చట్టాలతోనే. పిత్రార్జితంలో కూడా జన్మతః హక్కు అనేది ఆంధ్రప్రదేశ్‌లో 1985నుండీ, దేశమంతటా 2005నుండీ వచ్చింది.

1944లో ఉద్యోగ విరమణ చేసి కాశ్మీర సంస్థానానికి ప్రధానమంత్రిగా వెళ్లినారు. మహారాజావారితో అభిప్రాయభేదాలు రాగా 1945లో ఆ పదవి వదలుకొని ఢిల్లీకి తిరిగివచ్చినారు. అప్పటికి వారి వయస్సు 58 సంవత్సరాలు. విశ్రాంతి తీసుకోవలసిన ఆ వయస్సులో వారి జీవితంలోని ముఖ్యకార్యం ఇంకా ఆరంభమే కాలేదు.

రాజ్యాంగ సలహాదారు

1946 జూలైలో నరసింగరావుగారు రాజ్యాంగ నిర్మాణ సభకు సలహాదారుగా నియమితులైనారు. సభ మొదటి సమావేశం ఆ సంవత్సరం డిసెంబరు 9న జరిగింది. సభ్యులలో మహావక్తలు ఉన్నారు, సంవత్సరాల తరబడి చెరసాలలో గడిపిన త్యాగధనులు ఉన్నారు. కాని స్విట్జర్లాండులో కార్యవర్గం ఎట్లా ఏర్పడుతుంది, కెనడాలో రాష్ట్రాల అధికారాలేవి, ఆస్ట్రేలియాలో ఉమ్మడి అధికారాలు ఎట్లా పంచుకున్నారు అంటే చెప్పగలవారు బహుకొద్దిమంది. నరసింగరావుగారు పలుదేశాల రాజ్యాంగాలనుండి ఆయా విషయాలకు సంబంధించిన భాగాలను ఏర్చికూర్చి మూడు సంపుటాలుగా అచ్చువేయించి సభ్యులకు పంచిపెట్టినారు. దేశాధిపతిని ఏమని పిలవాలి, ఎట్లా ఎన్నుకోవాలి, మంత్రివర్గం ఎవరికి జవాబుదారీ కావాలి అంటూ 1947 మార్చిలో ఒక ప్రశ్నావళి పంపినారు. తమ అభిప్రాయం ముందుగా రుద్దక, ప్రశ్నను స్పష్టంగా పెట్టి, దానికి ఎన్ని సమాధానాలున్నవో చూపి, నిర్ణయం ప్రతినిధులకు వదలిపెట్టడం వారి పద్ధతి.

కేంద్ర రాజ్యాంగ సంఘానికి నెహ్రూగారు, రాష్ట్రాల రాజ్యాంగ సంఘానికీ ప్రాథమిక హక్కుల సలహా సంఘానికీ పటేలుగారు అధ్యక్షులు. ఆ సంఘాల నివేదికలను సభ చర్చించి తీర్మానించింది. ఆ తీర్మానాలన్నిటినీ చట్టపు భాషలో పెట్టి, అవసరమైనచోట పూరించి, 1947 అక్టోబరులో నరసింగరావుగారు మొదటి ముసాయిదా సిద్ధం చేసినారు. అందులో 243 అధికరణాలు, 13 అనుబంధాలు ఉన్నవి.

ఆ కట్టడపు ఆకారం స్థూలంగా ఇట్లా ఉంది. పై అంతస్తులో కేంద్రం, దాని క్రింద రాష్ట్రాలు. రెండుచోట్లా బ్రిటిషు పద్ధతిలో శాసనసభకు జవాబుదారీగా ఉండే మంత్రివర్గం. పాలనా యంత్రాంగం చాలవరకు 1935 చట్టంలోనిదే. పరదేశపు పాలకులకోసం చేసిన యంత్రమైనా దానిని నడిపే హక్కు ఇప్పుడు ప్రజలది. కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికారాల పంపకం కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడు విధాలు. 1950లో అమలుకు వచ్చేనాటికి వీటిలో క్రమంగా 97, 66, 47 అంశాలున్నవి. అన్నిటికీ మీద న్యాయం చెప్పడానికి సుప్రీంకోర్టు. పౌరుల హక్కులు రెండు తరగతులు. కోర్టుకు వెళ్లి సాధించుకోగలవి ప్రాథమిక హక్కులు. కోర్టుకు వెళ్లడానికి వీలులేకపోయినా ప్రభుత్వం తన ధర్మంగా పాటించవలసినవి ఆదేశిక సూత్రాలు. ఈ విభజన ఐర్లండు రాజ్యాంగాన్ని చూచి నరసింగరావుగారు మొదటినుండీ సూచించినదే.

ఈ ముసాయిదాను పరిశీలించడానికి సభ 1947 ఆగస్టు 29న అంబేద్కరుగారి అధ్యక్షతన ఏడుగురితో ముసాయిదా సంఘాన్ని నియమించింది. అందులో నెల్లూరు జిల్లాలో పుట్టి చెన్నపట్నంలో న్యాయవాదిగా మహాకీర్తి గడించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు ఒకరు. తరువాత ఏర్పడిన ఖాళీలో, మచిలీపట్నంలో జన్మించి మైసూరు దివానుగా పనిచేసిన న్యాపతి మాధవరావుగారు చేరినారు. తెలుగుదేశంనుండి మైసూరుకు వచ్చి ఈ రాజ్యానికి దివాను కాగలిగిన ఆ పెద్దమనిషిని మన సంఘీయులు ఈ సందర్భంలో తలచుకోవాలి.

ముసాయిదా సంఘం రావుగారి ప్రతిని అక్షరమక్షరం తరచిచూచింది. మార్చింది, చేర్చింది, తీసివేసింది. 1948 ఫిబ్రవరిలో 315 అధికరణాల క్రొత్త ముసాయిదా వెలువరించింది. సభలో 2,473 సవరణలు చర్చకు వచ్చినవి. చివరకు 395 అధికరణాలు, 8 అనుబంధాలతో రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది, 1950 జనవరి 26న అమలుకు వచ్చింది.

ఒక మాట గూర్చి వివాదము

1947 చివరలో నరసింగరావుగారు అమెరికా, కెనడా, ఐర్లండు, ఇంగ్లండు దేశాలు పర్యటించి అక్కడి న్యాయమూర్తులతోనూ, రాజనీతిజ్ఞులతోనూ మన ముసాయిదాను చర్చించినారు. ఆ యాత్రనుండి వచ్చిన ఒక సలహా మన రాజ్యాంగ చరిత్రలో పెద్ద వివాదానికి కారణమైంది. వారి జీవితంలో మెచ్చుకోవలసినదే కాక ప్రశ్నించవలసినది కూడా ఉన్నదంటే అది ఇక్కడే.

మనిషి ప్రాణాన్నిగాని స్వేచ్ఛనుగాని ప్రభుత్వం హరించాలంటే ఎట్టి నియమం ఉండాలి? అమెరికా రాజ్యాంగంలో దీనికి డ్యూ ప్రాసెస్ అనే మాట ఉంది. అనగా, చట్టం ఒకటి ఉంటే చాలదు, ఆ చట్టమే న్యాయంగా ఉన్నదా అని కూడా న్యాయమూర్తులు విచారించవచ్చు. మన మొదటి ముసాయిదాలో కూడా ఇదే మాట ఉంది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టరుగారు ఈ మాట ప్రమాదకరమని రావుగారికి చెప్పినారు. వారి భయానికి కారణం ఉంది. 1905లో న్యూయార్కు రాష్ట్రం రొట్టెల బట్టీ కార్మికులకు రోజుకు పది గంటలకు మించి పని చెప్పరాదని చట్టం చేస్తే, ఈ మాట ఆధారంగానే కోర్టు దానిని కొట్టివేసింది. 1923లో స్త్రీ కార్మికులకు కనీస వేతనం నిర్ణయించిన చట్టం కూడా ఇట్లే పోయింది. ప్రజలు ఎన్నుకున్న శాసనసభ పేదలకోసం చేసిన చట్టాన్ని నలుగురైదుగురు న్యాయమూర్తులు రద్దు చేయగలిగితే ప్రజాస్వామ్యం ఏమి కావాలి అనేది ఫ్రాంక్‌ఫర్టరుగారి ప్రశ్న.

ఆ రోజులలో మన దేశంలో జమీందారీల రద్దుకు చట్టాలు తయారవుతున్నవి. మద్రాసు రాష్ట్రంలోనే 1948లో అట్టి చట్టం వచ్చింది. ఈ పరిస్థితిలో నరసింగరావుగారు అమెరికా సలహాను మనసుకు పట్టించుకొని, ఆ మాట తీసివేయమని ముసాయిదా సంఘానికి చెప్పినారు. మొదట దానిని సమర్థించిన అల్లాడివారు కూడా మనసు మార్చుకున్నారు. దాని స్థానంలో జపాను రాజ్యాంగంనుండి తీసుకొన్న మాట వచ్చింది. చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారమైతే చాలునని దాని తాత్పర్యం. అదే 21వ అధికరణం.

1948 డిసెంబరులో సభలో దీనిపై తీవ్రమైన చర్చ జరిగింది. ఆ మాట తిరిగి చేర్చాలని మున్షీగారు వంటివారు వాదించినారు. అల్లాడివారు వద్దన్నారు. అంబేద్కరుగారు ఇరుపక్షాల బలాబలాలు వివరించి నిర్ణయం సభకే వదిలినారు. సవరణ వీగిపోయింది. కాని చాలామంది సభ్యులకు మనసు కుదుటపడలేదు. అందువల్ల 1949 సెప్టెంబరులో అరెస్టయినవారికీ నిర్బంధితులకూ కొన్ని కనీస రక్షణలు కల్పిస్తూ మరొక అధికరణం చేర్చినారు. అదే 22వ అధికరణం.

భయపడినవారి భయం త్వరలోనే నిజమైంది. 1950లో కమ్యూనిస్టు నాయకులు ఎ. కె. గోపాలన్‌గారు మద్రాసు రాష్ట్రపు జైలులో విచారణలేని నిర్బంధంలో ఉండి సుప్రీంకోర్టు నాశ్రయించినారు. చట్టం ఒకటి ఉన్నది కనుక దాని మంచిచెడ్డలు తాము విచారించజాలమని కోర్టు అధిక సంఖ్యాకుల తీర్పు. పేదవాని మేలుకోసం న్యాయమూర్తుల చేతులు కట్టాలనుకున్నారు. కాని ఆ కట్టుతోనే జైలులోని మనిషికి కూడా ఆసరా లేకుండా పోయింది. ఈ స్థితి మారడానికి 28 సంవత్సరాలు పట్టింది. 1978 జనవరి 25న మేనకాగాంధీ పాస్‌పోర్టు కేసులో, చట్టం నిర్ణయించిన పద్ధతి అంటే న్యాయమైన పద్ధతే తప్ప ఇష్టమొచ్చిన పద్ధతి కాదని సుప్రీంకోర్టు ప్రకటించింది. నరసింగరావుగారు ముందు తలుపునుండి పంపివేసిన భావం ఆ విధంగా పెరటి తలుపునుండి లోపలికి వచ్చింది.

హక్కులా, ఆదేశాలా?

విదేశాలనుండి తిరిగివచ్చిన తరువాత రావుగారు మరొక సూచన కూడా చేసినారు. ప్రజాక్షేమంకోసం ఆదేశిక సూత్రాలను అమలుజరపడానికి చేసిన చట్టం ప్రాథమిక హక్కుతో తగవుపడితే ఆ చట్టమే నెగ్గాలని వారి అభిప్రాయం. ముసాయిదా సంఘం దీనిని అంగీకరించలేదు. రావుగారు పట్టుబట్టలేదు. సలహా చెప్పడంవరకే తన ధర్మమని వారికి తెలుసు.

అయితే ఆ ప్రశ్న చావలేదు. 1971లో జరిగిన 25వ సవరణ, సంపద పంపిణీకి సంబంధించిన రెండు ఆదేశిక సూత్రాల మేరకు దాదాపు రావుగారి సూచననే రాజ్యాంగంలోకి తెచ్చింది. ఆ సవరణతోపాటు మరికొన్నిటిని విచారించిన కేసు కేశవానంద భారతి కేసు. భూసంస్కరణలపై కోర్టుకెక్కిన ఆ స్వామివారి ఎడనీరు మఠం కాసరగోడు దగ్గర ఉంది; 1956వరకు కాసరగోడు రావుగారి దక్షిణ కన్నడ జిల్లాలోనిదే. 13 మంది న్యాయమూర్తులు విని, 1973 ఏప్రిల్ 24న ఏడుగురి ఆధిక్యంతో, పార్లమెంటు రాజ్యాంగంలో దేనినైనా సవరించవచ్చు కాని దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదని తీర్పు చెప్పినారు. ఆ రెండు సూత్రాల మేరకు చేసిన ఏర్పాటును మాత్రం చాలవరకు నిలబెట్టినారు. 1976లో ప్రభుత్వం దానిని ఆదేశిక సూత్రాలన్నిటికీ విస్తరించగా, 1980లో బెంగుళూరు మినర్వా మిల్లు కేసులో సుప్రీంకోర్టు ఆ విస్తరణను కొట్టివేసింది. హక్కులూ ఆదేశాలూ బండికి రెండు చక్రాలవంటివి, ఒకదానిని ఊడదీసి రెండవదానితో బండి నడపలేము అనేది ఆ తీర్పుల సారాంశం. ఆనాడు సలహాదారు అడిగినదానిని ముసాయిదా సంఘం పూర్తిగా ఎందుకు ఒప్పుకోలేదో ఈ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. సలహాదారు ఎంతటి మేధావియైనా నిర్ణయం ప్రజల ప్రతినిధులదిగా ఉండడంలోని క్షేమం కూడా అర్థమవుతుంది.

చివరి సంవత్సరాలు

ఈ మధ్యలో పొరుగుదేశమైన బర్మా 1947లో తన రాజ్యాంగం వ్రాసుకొన్నప్పుడు కూడా వారు తోడ్పడినారు. 1949లో ఐక్యరాజ్యసమితికి భారత ప్రతినిధిగా వెళ్లినారు. అందువల్ల రాజ్యాంగ సభ తన పని ముగించే గడియలలో వారు దేశంలో లేరు. అయినా సభ వారిని మరువలేదు. 1949 నవంబరు 25న అంబేద్కరుగారు తనకు దక్కిన ప్రశంసలో కొంతభాగం మొదటి ముసాయిదా కూర్చిన రావుగారికి చెందుతుందని సభాముఖంగా చెప్పినారు. మరునాడు రాజేంద్రప్రసాదుగారు, వారు జీతం లేకుండా పనిచేసిన సంగతిని ప్రత్యేకించి ఉగ్గడించినారు.

1950 జూన్‌లో భద్రతా మండలి అధ్యక్షస్థానం భారతదేశపు వంతుకు వచ్చింది. ఆ నెల 25వ తేదీననే కొరియా యుద్ధం ఆరంభమైంది. ఆ సంక్షోభంలో మండలి సమావేశాలు నడిపినవారు నరసింగరావుగారు. ఆ డిసెంబరులో యుద్ధవిరమణకు దారి వెదకడానికి ఏర్పడిన ముగ్గురి సంఘంలో కూడా వారు ఒకరు. 1952లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తి అయినారు. కాని ఆరోగ్యం సహకరించలేదు. 1953 నవంబరు 30న స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో 66వ ఏట పరమపదించినారు. వారి పత్రాలను సోదరులు శివరావుగారు కూర్చి 1960లో గ్రంథంగా ప్రకటించినారు.

మనకు మిగిలిన ఆస్తి

నరసింగరావుగారు కన్నుమూసేనాటికి ఆంధ్రరాష్ట్రం ఏర్పడి సరిగా రెండు నెలలైంది. 1953 అక్టోబరు 1న అది అవతరించింది రాజ్యాంగంలోని 3వ అధికరణం చూపిన మార్గాననే. శ్రీ పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగం దానికి కారణం. ఆ త్యాగాన్ని చట్టంగా మార్చడానికి దారి రాజ్యాంగం. కాని సరిహద్దు గీత ఎక్కడ గీసినా కొందరు ఇవతల, కొందరు అవతల మిగులుతారు. 1936లో గంజాంలోని తెలుగువారు ఒరిస్సాలో మిగిలినారు. 1953లో బళ్లారి తెలుగువారు మైసూరులో మిగిలినారు. పొట్టకూటికై వచ్చినవారు సరేసరి.

ఇట్టి మనకు రాజ్యాంగం ఏమిచ్చింది? దేశమంతటికీ ఒకే పౌరసత్వం ఇచ్చింది. ఆంధ్ర పౌరుడు, కన్నడ పౌరుడు అనే భేదం లేదు. 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు ఇచ్చింది. 16వ అధికరణం పుట్టిన ఊరినిబట్టి ప్రభుత్వోద్యోగంలో వివక్ష చూపరాదన్నది. 29వ అధికరణం మన భాషనూ లిపినీ సంస్కృతినీ కాపాడుకోవచ్చునన్నది. 30వది భాషా అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు తామే స్థాపించుకోవచ్చునన్నది. 1956లో చేరిన 350ఎ అధికరణం, ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలన్నది.

ఇవి కాగితంమీద ఉన్నంతమాత్రాన ఫలం రాదు. తెలుగు చదివే పిల్లలు లేనప్పుడు తెలుగు బడి నిలవదు. ఇంట్లో తెలుగు మాట్లాడని తల్లిదండ్రులకు 29వ అధికరణం చేయగల సహాయం ఏమీలేదు. అట్లే, మనం నివసిస్తున్న దేశపు భాష నేర్వకుండా, ఇరుగుపొరుగుతో కలవకుండా హక్కులు మాత్రం లెక్కపెట్టుకోవడం కూడా శోభించదు. నరసింగరావుగారు కొంకణి ఇంట పుట్టి, చెన్నపట్నంలో చదివి, అస్సాంలో పనిచేసి, ఢిల్లీలో దేశానికంతటికీ ముసాయిదా వ్రాసినారు. ఎక్కడ ఉన్నా ఆ చోటి పనిని తన పనిగా చేసినారు.

ఈ నూతన సంవత్సరంలో మన కుటుంబాలలో పెద్దలు పిల్లలను కూర్చోబెట్టుకొని, పంచాంగశ్రవణం ముగిసిన తరువాత ఒక అరగంట ఈ నాలుగైదు అధికరణాలు తెలుగులో చదివి వినిపిస్తే బాగుంటుంది. ఓటు లేకపోయినా, వేతనం లేకపోయినా తనకు అప్పగించిన పనిని అక్షరం తప్పకుండా చేసి, నిర్ణయం ప్రజలకు వదలి తప్పుకున్న ఆ మహనీయునికి మన నివాళి అదే కాగలదు.

పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.